కుక్కకాటు - కాలయాపన

కుక్కకాటునకు చెప్పుదెబ్బ యను సామెత నెఱుగని తెలుగువాడు లేడు. కఱచిన కుక్కకు ఏమి చేయవలయునో ఆ సామెత చెప్పుచున్నది. కఱపించుకొన్న మనుష్యుడు ఏమి చేయవలయునో చెప్పు సామెత మాత్రము మనకు లేదు. తిరుపతి వీథులలోను, చిత్తూరు బజారులలోను, పలమనేరు, పుంగనూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి ప్రాంతములందలి పల్లెలలోను ఎవనినో కుక్క కఱచినదను మాట వినబడని వారము అరుదు. వినినవారు అయ్యో యందురు, కుక్కను తఱిమికొట్టుదురు, ఆ కుక్క యెవరిదని తగవులాడుదురు, ఇరుగుపొరుగువారు తలకొక మందు చెప్పుదురు. ఈ నాలుగు పనులును ముగియునప్పటికి గంటయో, పూటయో, ఒక్కొక్కచోట దినమో గడచిపోవును. చేయవలసిన అసలు పని, అనగా గాయమును కడిగి ఆసుపత్రికి బోవుట, అన్నిటికంటె వెనుకబడుచున్నది. ఈ కాలయాపనమును గూర్చియే నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

పిచ్చికుక్క కాటువలన గలుగు జబ్బు మన దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత కల్పస్థానమునందు అలర్కవిషమను పేర దీని లక్షణములు వర్ణింపబడియున్నవి. తోక వ్రేలాడి, దవడ జాఱి, చొల్లు కార్చుచు, చూపును వినికిడియు తప్పి, ఎదురైనదాని మీదికెల్ల ఉఱుకు జంతువును ఆ గ్రంథకర్త కన్నులార చూచియే వ్రాసినట్లున్నది. నీటిని చూచినను, దాని మాట వినినను బెదరిపోవు స్థితికి జలత్రాసమని పేరిడి, ఆ స్థితికి వచ్చినవాడు బ్రదుకడని ఆయన నిష్కర్షగా చెప్పెను. అటుపిమ్మట శతాబ్దములు గడచినవి. వైద్యశాస్త్రము గుండెను మార్చుటయు నేర్చినది. ఆ యొక్క మాటను మాత్రము నేటికిని మార్చజాలకున్నది. లక్షణములు పొడసూపిన తరువాత బ్రదికి బయటపడినవారు ప్రపంచమంతటను మిక్కిలి కొలదిమంది. మాఱినది మొదటి సగము. 1885 జూలై 6వ తేదీన పారిసు నగరమున లూయీ పాస్టరు పండితుడు, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు తన టీకాను వేయించెను. బాలుడు బ్రదికెను. ఆనాటినుండి లక్షణములు కనబడుటకు ముందున్న కాలమంతయు మనుష్యుని చేతిలోనికి వచ్చినది.

ఆ కాలమెంత యనునది తెలిసికొనదగినది. ఈ వ్యాధికి కారణము రేబిస్ అను వైరస్. అది పిచ్చియెత్తిన జంతువుయొక్క చొల్లునందుండును. కాటుతో కండలో జొచ్చి, నరమును పట్టుకొని, ఆ నరము వెంట మెల్లమెల్లగా వెన్నుపామునకును, అటనుండి మెదడునకును ప్రాకును. ఈ ప్రయాణమునకు సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. కాటు తలకో ముఖమునకో తగిలినచో దారి దగ్గఱ గనుక వారములలోనే ముగియవచ్చును. ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించియు జాగు కావచ్చును. ఎవనికి ఎన్ని దినములు గడువున్నదో ముందుగా చెప్పగల వైద్యుడు లేడు. పాముకాటునకు వెంటనే బాధ కనబడును గనుక జనులు పరుగెత్తుదురు. కుక్కకాటు అట్లు కాదు. పుండు మానిపోవును, నొప్పి తగ్గును, కుక్క సంగతియే మఱపునకు వచ్చును. ఒకనాడు మానిన మచ్చయొద్ద చీమలు ప్రాకినట్లు తోచును. గ్రుక్కెడు నీరు మ్రింగబోయిన గొంతు బిగిసికొనును. విసనకఱ్ఱ గాలి తగిలిన ఒడలు వణకును. ఆనాడు పట్టణములోని పెద్ద ఆసుపత్రికి గొనిపోయినను వైద్యులు చేయగలిగినది బాధ కొంత తగ్గించుట మాత్రమే.

భారత వైద్య పరిశోధనా మండలివారు 2022, 2023 సంవత్సరములలో దేశమందలి పెక్కు జిల్లాలలో ఇల్లిల్లు తిరిగి విచారించి, ఏటేట సుమారు 5,700 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారని అంచనా వేసిరి. జంతువులు కఱచినవారిలో ఇంచుమించు అయిదవవంతు మంది ఒక్క టీకాయైనను వేయించుకొనలేదని ఆ విచారణలోనే తేలినది. మందు దొరకని వ్యాధిచే మనుష్యులు చచ్చుట విధి యని సరిపెట్టుకొనవచ్చును. సర్కారు ఆసుపత్రిలో వెల లేకుండ దొరకు మందును పుచ్చుకొనక చచ్చుటను ఏమని సరిపెట్టుకొందుము?

ఇక చేయవలసినదేమి? కఱచినది పిచ్చిదా, మంచిదా యని విచారించుటకు ముందే, గాయమును సబ్బుతోను పాఱు నీటితోను పదునైదు నిమిషములు కడుగవలయును. ఇది మిక్కిలి సామాన్యమైన మాటగా కనబడుటచేత జనులు దీనిని లెక్కచేయరు. చెంబెడు నీళ్లు పోసి తుడిచికొని కడిగితిమందురు. రేబిస్ వైరస్‌పై క్రొవ్వుతో గూడిన పొర యొకటి యున్నది. సబ్బు ఆ పొరను కరగించును. పొర పోయినచో వైరస్ చచ్చును. నీటి ధార లోతుననున్న చొల్లును బయటికి గొట్టివేయును. కావున ఈ పదునైదు నిమిషములు శుచికొఱకు కాదు, చికిత్సకొఱకే. కుళాయి లేని చేనిలో నైనచో బావి మోటారు పంపుక్రింద కాలు పెట్టవచ్చును; చేదతో తోడి మఱియొకరు ధారగా పోయవచ్చును. బట్టలుతుకు సబ్బైనను పనికివచ్చును. కడిగిన పిదప పోవిడోన్ అయొడిన్ వంటి మందు ఇంట నున్నచో పూయవచ్చును. లేకున్నచో ఏమియు పూయక బయలుదేఱవలయును. గాయము పెద్దదైనను తొందరపడి కుట్లు వేయింపరాదు. కుట్టవలసియే వచ్చిన దానికి ముందు చేయవలసిన పని యొకటి గలదు, దానిని క్రింద చెప్పెదము.

ఏమియు పూయరాదని చెప్పుట తేలికయే. మన యిండ్లలో నెగ్గించుట కష్టము. కుక్క కఱచిన చోట కారపుపొడి అద్దుట, సున్నము పెట్టుట, పసుపు మెత్తుట, కిరసనాయిలు పోయుట, కాల్చిన యినుముతో వాత పెట్టుట యను పనులు చదువుకొన్న గృహములలోను మేము చూచియున్నాము. కారము విషమును లాగునని నమ్మకము. అది లాగునది లేదు. పుండును మండించి, లోపలి కండను చెఱచి, వైరస్ నరమును చేరుటకే తోడ్పడును. పసరు మింగించి నలువది దినములు పథ్యము పెట్టు నాటువైద్యులు పెక్కు పల్లెలలో నున్నారు. వారియెడ మాకు ద్వేషము లేదు. పుత్తూరు కట్టు పేరు వినని దక్షిణదేశస్థుడు లేడు. విఱిగిన యెముకను చేతితో తడిమి సరిచేయు ఆ కుటుంబములవారి నేర్పును మేమును మెచ్చుకొందుము. ఎముక అతికినది లేనిది కంటికి కనబడును. పసరు పనిచేసినదో లేదో తెలియుటెట్లు? కఱచిన కుక్కలన్నియు పిచ్చివి కావు; కఱపించుకొన్న వారందఱికిని వ్యాధి రాదు. రానివారందఱును పసరు మహిమను చాటుదురు. వచ్చినవాడు చాటుటకు మిగులడు.

మూడవ మాట టీకా. దీనిపేరు చెప్పగానే మన పెద్దలకు బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు జ్ఞప్తికి వచ్చును. ఆ భయము నిరాధారమైనది కాదు గాని కాలము చెల్లినది. దాని చరిత్ర కొంత చెప్పుట యుక్తము. మన దేశమున పాస్టరు చికిత్స దొరకు మొదటి సంస్థ 1900లో హిమాలయప్రాంతమున కసౌలియందు వెలసెను. చిత్తూరు రైతునకు కసౌలి కాశికంటె దూరము. 1902లో లిల్లీ పేకెన్‌హాం వాల్ష్ అను ఆంగ్లయువతి ఈ వ్యాధిచే మరణించుటయు, దక్షిణదేశమున నొక సంస్థ కావలెనను ఆందోళన పుట్టుటయు, అమెరికా ధనికుడగు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళమునుండి ధనము కేటాయింపబడుటయు జరిగి, 1907లో నీలగిరులయందు కూనూరున పాస్టరు సంస్థ తెఱవబడెను. అంతకుముందు ఈ రాజధానియందు పొలములలోను మందలవెంటను కఱపించుకొని చచ్చిన మనవారి లెక్క ఏ దొర కచ్చేరిలోను ఆందోళన పుట్టింపలేదనుట వేఱుగ చెప్పనక్కఱలేదు. కూనూరు వచ్చిన పిమ్మటనైనను ప్రయాణము స్వల్పము కాదు. చిత్తూరునుండి కాట్పాడికి, అటనుండి జోలార్పేట, ఈరోడుల మీదుగా మేట్టుపాళెమునకు, అటుపై పండ్లచక్రముల రైలులో కొండమీదికి.

కసౌలియందు డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు 1911 ప్రాంతమున సిద్ధపఱచిన టీకా గొఱ్ఱెమెదడునుండి తీయబడునది. పొట్టమీద దినమునకొక్కటిగా వేయబడిన ఆ పెద్ద సూదులు అదియే. దానివలన కోట్లమంది గండము గడచిరి; కొందఱికి పక్షవాతము వంటి ఉపద్రవములును కలిగెను. మన ప్రభుత్వమువారు దానిని 2004 అంతమున విడిచిపెట్టిరి. ఇప్పుడు వేయు టీకా ప్రయోగశాలలో పెంచిన జీవకణములనుండి తయారగునది. బొడ్డుతో దానికి పని లేదు. మన సర్కారు ఆసుపత్రులలో సాధారణముగా భుజపు చర్మములో, రెండు చేతులకును చెఱియొక సన్నని సూదిగా, కఱచిన దినమున, 3వ దినమున, 7వ దినమున, 28వ దినమున వేయుదురు. కండలో వేయు పద్ధతియందు 14వ దినమున గూడ నొకటి చేరును. పసిబిడ్డలకు తొడ ముందువైపున వేయవచ్చును, పిఱుదులయందు వేయరాదు. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును దీనివలన కీడు లేదు. కడుపుతో నున్నదని కోడలికి టీకా మాన్పించు అత్తలు తల్లిని బిడ్డను ఇరువురను పణము పెట్టుచున్నారు. ముందెన్నడో పూర్తిగా టీకా వేయించుకొన్నవారికి మఱల కాటు తగిలిన రెండు మాఱులు వేసిన చాలును. ధనుర్వాతమునకు వేయు సూది మఱియొకటి; దానిని వేయించుకొని కుక్కమందు వేయించుకొంటిమని తృప్తిపడువారు పల్లెలలో నున్నారు.

పైన చెప్పిన చికిత్సలో నొక లోపమున్నది. టీకా వేసినంతనే రక్షణశక్తి పుట్టదు. దానికి వారము మొదలు రెండు వారములు పట్టును. కాటు లోతైనచో, తలమీద, మెడమీద, వ్రేళ్ల కొసలయందు తగిలినచో, ఈ లోపుగానే వైరస్ నరములో జొరబడవచ్చును. అందుచేత రక్తము చిందిన ప్రతి కాటునకును, పుండుమీద గాని కన్ను నోళ్లయందు గాని చొల్లు తగిలిన సందర్భమునందును, ఇమ్యునోగ్లోబులిన్ అను సీరమును గాయములోనికే, దాని చుట్టునే, ఎక్కింపవలయును. టీకా మన శరీరముచేత సేనను కూర్పించునది. సీరము ఆ సేన కూడువఱకు నిలుపు జీతపు కావలివారు. మొదటి టీకాతోపాటు దానిని ఎక్కించుట ఉత్తమము; ఆనాడు దొరకకున్న ఏడు దినములలోపల ఎక్కింపవచ్చును; ఆ తరువాత ఫలము లేదు. కుట్లకు ముందు చేయవలసిన పని యని పైన సూచించినది ఇదియే. 2025లో కేరళమునందు మలప్పురము జిల్లాలో వీథికుక్క తలపై కఱచిన చిన్న బాలిక యొకతె టీకా వేయించుకొనియు మరణించెను. తలకాటు ఎంత ప్రమాదమో దానివలన దేశమెల్ల తెలిసికొన్నది. పిల్లలు పొట్టివారు, కుక్క నోటికి వారి ముఖమే అందును. ప్రపంచమున రేబిస్‌కు బలియగువారిలో పదిమందికి నలుగురు పదునైదేండ్లలోపువారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఇచ్చట ప్రభుత్వమువారికి మా మనవి. టీకా పల్లె ఆరోగ్యకేంద్రములవఱకు వచ్చినది; అది మెచ్చదగిన పని. సీరము మాత్రము పెద్ద ఆసుపత్రులయొద్దనే ఆగిపోవుచున్నది. మా యెఱుకలోని యొక రైతు, ముంజేయి చీలునట్లు కుక్క కఱచిన వెంటనే, ఎవరును చెప్పకయే చక్కగా కడిగికొని, సమీపమునందలి ఆరోగ్యకేంద్రమునకు పోయెను. సూది వేసిరి, సీరమునకు పట్టణమునకు పొమ్మనిరి, ఎందులకో చెప్పలేదు. సూది పడినది గదా యని అతడు ఇంటికి పోయి, మఱునాడు వేరుసెనగ పీకుటకు కూలీలను పిలిచియుండుటచేత పట్టణమునకు పోవుట మానుకొనెను. నాలుగవదినమున అతని కుమారుడు తిరుపతి కళాశాలనుండి వచ్చి బలవంతముగా తీసికొనిపోయి ఎక్కించెను గనుక సరిపోయినది. కళాశాలలో చదువు కుమారులు లేని రైతుల సంగతి యేమి? తిరుపతి రుయా ఆసుపత్రికి నలుదిక్కులనుండి జనులు వచ్చిపడుట చూచి గర్వింప నక్కఱలేదు. కుప్పమునుండి వచ్చువానికి అది దినమంతటి ప్రయాణము. ప్రతి ప్రాంతీయ ఆసుపత్రియందును, వీలైనంతవఱకు ప్రతి మండలకేంద్రమునందును, రాత్రియు పగలును సీరము దొరకునట్లు చేసి, అది యున్నదో లేదో బయట ఫలకముపై వ్రాసి కట్టవలయును. లేనిచోట లేదనియే వ్రాయుడు. రోగి తిరుగుడు తప్పును.

సగములో మానుట మఱియొక జాడ్యము. మొదటి సూదికి ఇంటిల్లిపాదియు వెంటవత్తురు; మూడవదానికి రోగి యొక్కడే వచ్చును; నాలుగవదాని సంగతి ఎవరికిని గుర్తుండదు. తిరుపతికి దీనియందొక ప్రత్యేకమైన చిక్కు గలదు. ఈ పట్టణమున కుక్క కఱచునది పట్టణవాసిని మాత్రమే కాదు. బస్సు దిగి సత్రమునకు నడచుచుండగనో, తెల్లవాఱుజామున అలిపిరికి పోవుచుండగనో కాటు తిన్న యాత్రికుడు ఇచ్చట నొక సూది వేయించుకొని మఱునాడే షోలాపురమునకో సేలమునకో వెళ్లిపోవును. 3వ దినము రైలులో గడచును. 7వ దినము ఇంటి పనులలో గడచును. దర్శనమైనది గదా, స్వామి చూచుకొనునను భరోసా వేఱు. అతనిచేతికి ఇచ్చు చీటీయందు తేదీలు అతని భాషలో వ్రాసి, ఏ ఊరి సర్కారు ఆసుపత్రికి పోయినను మిగిలిన సూదులు వేయుదురని చెప్పి పంపుట ఏమంత కష్టమైన పని కాదు.

మా పాఠకులలో భూవసతిగలవారు పెక్కుమంది గనుక పసులను గూర్చియు నొకమాట. పిచ్చికుక్క మందలో పడిన, పసులకును ఈ వ్యాధి వచ్చును. ఆవు మేత మానును, చొల్లు కార్చును, బొంగురుగొంతుతో విడువక అఱచును, గొంతులో ఏదో అడ్డుపడినట్లు మెడచాచి కక్కజూచును. చొప్పదంటో, మామిడిటెంకయో తగులుకొన్నదని తలచి యజమానుడు చేయి మోచేతివఱకు దాని నోటిలో పెట్టి వెదకును. రైతులు తెలియక తెచ్చికొను ప్రమాదములలో నింతటి ఘోరమైనది మఱియొకటి లేదు. అట్టి లక్షణములు కనబడిన, పశువైద్యుడు వచ్చువఱకు నోటిలో చేయి పెట్టరాదు. పెట్టినవారు కాటు తిన్నవారితో సమానముగా టీకాయు, చేతిమీద గీఱులున్నచో సీరమును పొందవలయును. కుక్క కఱచిన పసువునకు లక్షణములు రాకమునుపే టీకాలు వేయించి కాపాడుకొనవచ్చును. పశువైద్యశాలకు వెంటనే కబురు పంపవలయును. ఇక పాలసంగతి. ఆవో బఱ్ఱెయో పిచ్చియెత్తి చచ్చినదని తెలియగానే దాని పాలు త్రాగిన ఊరంతయు ఆసుపత్రి వాకిట గుమిగూడుట మనము చూచుచునేయున్నాము. కాచిన పాలవలన ఈ వ్యాధి రాదు. కాపు వైరస్‌ను చంపును. ఆ గుంపువలన నిజముగా కాటు తిన్నవాడు వరుసలో వెనుకబడుచున్నాడు.

కఱచిన కుక్కను వెంటనే చంపివేయుట పొరపాటు. పెంపుడుదైనను, తెలిసిన వీథికుక్కయైనను, పదిదినములు దానిని కనిపెట్టి చూడవలయును. కాటునాటికి దాని చొల్లులో వైరస్ ఉన్నయెడల పది దినములలోపల అది తప్పక రోగలక్షణములు చూపి చచ్చును. పదిదినములకును అది కులాసాగా తిరుగుచున్నచో వైద్యుని సలహాపై మిగిలిన సూదులు మానుకొనవచ్చును. అయితే పదిదినములు చూచి అప్పుడు సూది వేయించుకొందమనుట ఆత్మహత్యతో సమానము. సూది నేడే, చూచుట తరువాత. కుక్కపిల్లల విషయమునను ఉపేక్ష తగదు. 2025లో ఉత్తరప్రదేశమున బులందుశహరు ప్రాంతపు కబడ్డీ క్రీడాకారుడొకడు కాలువలో పడిన కుక్కపిల్లను దయతో వెలికితీయబోయి కాటు తినెను; చిన్నగాటని టీకా వేయించుకొనక, నెలలు గడచిన పిదప వ్యాధి ముదిరి మరణించెను.

ఇంతవఱకు వ్యక్తుల ధర్మము చెప్పితిమి. పురపాలకుల ధర్మము వేఱుగ గలదు. వీథికుక్కలనుగూర్చిన వివాదము క్రొత్తది కాదు. 1926లో అహమ్మదాబాదు మిల్లు యజమానుడగు అంబాలాల్ సారాభాయి తన మిల్లు ఆవరణలో చేరిన అఱువదికి పైగా కుక్కలను చంపించినప్పుడు అహింసావాదులు మండిపడిరి. మహాత్ముడు యంగ్ ఇండియా పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసి, ఆ పనిని తప్పనిసరియైన అల్పదోషముగా సమర్థించుటయేగాక, యజమానుడు లేని కుక్క వీథిలో తిరుగుటయే సంఘమునకు సిగ్గుచేటని వాదించెను. కుక్కకు అన్నము విసరి పుణ్యము కట్టుకొని, దాని భారమును వహింపని దయను ఆయన మెచ్చలేదు. చంపుట నేడు చట్టము సమ్మతింపదు. చంపి లాభము లేదని అనుభవమును చెప్పుచున్నది, ఏలయన ఒక వీథి ఖాళీయైన ప్రక్కవీథి కుక్కలు వచ్చి నిండును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు కుక్కలను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలసిన బాధ్యతను స్థానికసంస్థలపై నుంచినవి. సర్వోన్నత న్యాయస్థానము 2025 ఆగస్టు 22వ తేదీన ఈ పద్ధతినే స్థిరపఱచి, పిచ్చియెత్తిన వానిని, క్రూరస్వభావము గలవానిని మాత్రము విడువరాదనెను. నవంబరు 7వ తేదీ ఉత్తరువులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు, రైలు స్టేషనుల ఆవరణలనుండి కుక్కలను తొలగించి మఱల అచ్చట విడువరాదని ఆదేశించెను.

2023 ఆగస్టులో తిరుమల కాలినడక దారిలో చిఱుతపులి యొక పసిబాలికను పొట్టనబెట్టుకొనినప్పుడు దేశమంతయు తల్లడిల్లెను. బోనులు వచ్చినవి, కెమెరాలు వచ్చినవి, యాత్రికుల చేతికి కఱ్ఱలు వచ్చినవి. అవన్నియు కావలసినవే. అదే సంవత్సరము ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీథికుక్కలు చీల్చి చంపినప్పుడును ఇట్టి అలజడియే కలిగి కొంతకాలమునకు చల్లబడెను. చిఱుత అడవిలోనిది, కుక్క మన వాకిటిలోనిది. దానివలన గలుగు మరణము రేబిస్ రూపమున నెలల తరువాత ఎక్కడనో ఒక గుడిసెలో జరుగును గనుక పత్రికలకును ఎక్కదు.

కార్యము అసాధ్యము కాదనుటకు గోవా సాక్ష్యము. అచ్చట ఏటేట ఇల్లిల్లు, వీథివీథి తిరిగి కుక్కలకు టీకాలు వేసిరి. నూటికి డెబ్బదింటికి టీకా పడినచో వ్యాధి కుక్కలలో వ్యాపింపదని శాస్త్రజ్ఞుల లెక్క. దాని ఫలితముగా 2021లో ఆ రాష్ట్రము రేబిస్ నియంత్రిత ప్రాంతముగా ప్రకటింపబడెను. 2030 నాటికి కుక్కలద్వారా మనుష్యులకు వచ్చు రేబిస్‌ను దేశమునుండి తొలగింతుమని భారత ప్రభుత్వమువారు 2021 సెప్టెంబరు 28వ తేదీన ప్రణాళిక ప్రకటించియున్నారు. తిరుపతికి లేనిదేమి? 1955 నుండి పశువైద్య కళాశాల యిచ్చట నున్నది, 2005 నుండి పశువైద్య విశ్వవిద్యాలయమే యున్నది, వైద్యకళాశాల యున్నది, దేవస్థానమున్నది. కుక్కను పట్టుటకు చేతులు, సూది వేయుటకు విద్యార్థులు, ఖర్చునకు నిధులు ఒక్క ఊరిలోనే కూడియున్న పట్టణములు ఆంధ్రదేశమున వేఱు లేవు. చిత్తూరు నగరపాలకులును, తిరుపతి నగరపాలకులును తమ తమ పరిధిలో కుక్కలెన్ని, వానిలో టీకా పడినవెన్ని యను రెండు అంకెలను ప్రతి త్రైమాసికము ప్రకటింపవలెనని కోరుచున్నాము. వార్డు సభ్యులు రానున్న సమావేశమున మొదట ఈ ప్రశ్ననే అడుగుదురుగాక. అంతవఱకు అలిపిరియొద్దను, శ్రీవారిమెట్టు మొదటను, బస్సు స్టాండునందును ఒక్కొక్క కుళాయి, దానిప్రక్క నొక సబ్బుబిళ్ల, సమీపమున సీరము దొరకు ఆసుపత్రికి దారి తెలుపు ఫలకము తెలుగు, తమిళము, కన్నడము, హిందీ భాషలలో నుంచుటకు ఏ న్యాయస్థానపు ఉత్తరువును అక్కఱలేదు.